అమ్మాయి దరఖాస్తుకి ఒక కష్టం కావాలి

పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో సీటు రావాలంటే మార్కులొక్కటే చాలవని, బతుకులో ఒక కష్టం కూడా ఉండాలని నాకు నలభై ఎనిమిదో ఏట తెలిసింది. తెలియజెప్పినవాడు విజయవాడలో మా వీధి చివర ఏసీ గదిలో కూర్చునే కౌన్సెలర్. పేరు కిరణ్, వయసు పాతికకి అటూ ఇటూ. ఆయన గది గోడల నిండా నల్ల గౌన్లు తొడుక్కుని టోపీలు గాల్లోకి విసురుతున్న పిల్లల ఫోటోలే.

మా అమ్మాయి ప్రణవి అప్పుడు ఇంటర్ రెండో ఏడు. లెక్కల్లో నూటికి దగ్గరగా మార్కులు తెచ్చుకుంటూ, చరిత్ర చదువుతానని మొండికేసింది. విదేశాల్లో నాలుగు, ఢిల్లీ పక్కన ఒకటి, మొత్తం అయిదు యూనివర్సిటీలు ఎంచుకుంది. వెయ్యి మంది రాస్తే యాభై మందిని కూడా తీసుకోని రకాలవి.

"మార్కులు బాగున్నాయి సార్," అన్నాడు కిరణ్. "ఇలాంటి మార్కులు వాళ్లకి బస్తాలకొద్దీ వస్తాయి. స్టోరీ కావాలి. అమ్మాయికి స్టోరీ లేదు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందా?"

"నాకు కాస్త గ్యాసు."

"మీరూ మేడమూ ఎప్పుడైనా విడిగా ఉన్నారా?"

"లేదండీ."

"వరదలకి ఇల్లు మునిగిందా?"

"మాది మూడో అంతస్తు."

ఆయన నిట్టూర్చి, ఆఖరి ప్రయత్నంగా మా సొంతూరు అడిగాడు. శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డున చిన్న ఊరని చెప్పాను. అక్కడ మీవాళ్లు ఏం చేసేవారని అడిగాడు. వేటకెళ్లేవారని, మా అప్ప ఇప్పటికీ చేపలమ్ముతుందని గొణిగాను. అప్ప అంటే మా వైపు అక్క.

కిరణ్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఇంత మంచి విషయం ఇన్నాళ్లూ ఎందుకు దాచారు సార్?"

ఎందుకు దాచానో నాకు బాగా తెలుసు. బ్యాంకులో నేను సూర్యప్రకాశ్‌ని. మా ఊళ్లో సూరిగాడిని. వీళ్లిద్దరూ ఒకరికొకరు ఎదురుపడకుండా ఇరవై ఏళ్లుగా జాగ్రత్తపడుతూ వచ్చాను. ఇప్పుడు సూరిగాడికి విదేశాల్లో గిరాకీ ఉందంటున్నారు.

దరఖాస్తులకి జనవరి ఒకటి ఆఖరు. నోట్లు రద్దయిన మరుసటేడు డిసెంబరులో, మా ఆవిడకి ఆఫీసులో సెలవు దొరక్క నేనూ ప్రణవీ బయల్దేరాం. గరివిడిలో అది చదివిన బడి నుంచి కాగితాలు తేవాలి. పాత టీచర్ చేత సిఫారసు ఉత్తరం రాయించాలి. చివరికి అప్ప ఊళ్లో ఫోటో. దాని గురించి కిరణ్ ప్రత్యేకంగా చెప్పాడు. "నెత్తిన గంప, వెనక సముద్రం. నవ్వు మరీ ఎక్కువ వద్దు సార్. ఏదో ఆలోచిస్తున్నట్టుండాలి."

విజయనగరం

పొద్దున్నే విజయనగరంలో దిగి గంటస్తంభం దగ్గర ఒక హోటల్లో కూర్చున్నాం. ముప్పై రూపాయలకి నాలుగు పూరీలు, పక్కన శనగపిండి కూర. విజయవాడలో రెండోసారి చట్నీ అడిగితే సర్వర్ మన మొహం గుర్తుపెట్టుకుంటాడు. ఇక్కడ అడక్కుండానే వచ్చి, "ఇంకో గరిటి ఎయ్యమంతారేటి?" అన్నాడు. అంతలోనే వేసేశాడు కూడా.

విజయవాడలో ఎదుటివాడి గురించి ఏమైనా తెలుసుకోవాలంటే వాడి కారు చూస్తారు. ఇక్కడ నేరుగా అడిగేస్తారు. మా బల్ల మీదే టీ తాగుతున్న పెద్దాయన అయిదు నిమిషాల్లో మా ప్రయాణం సంగతంతా లాగేశాడు. అంతా విని ప్రణవి వైపు జాలిగా చూశాడు.

"ఐఐటీ రానేదేటమ్మా?"

"నేను రాయడం లేదు తాతగారూ. చరిత్ర చదువుతాను."

"అదే, రానోళ్లంతా ఏదో ఒకటి సదవాల మరి," అని ఓదార్చాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు.

"విజయవాడ," అన్నాను.

ప్రణవి పూరీ తుంచడం ఆపి నా వంక చూసింది.

గరివిడి

గరివిడి బ్రాంచిలో నేను నాలుగేళ్లు పనిచేశాను. ఫ్యాక్టరీ పొగగొట్టాలు, బట్టలారేస్తే మీద పడే సన్నటి నుసి, ఏమీ మారలేదు. ప్రణవి పదో తరగతి దాకా చదివిన మిషన్ బడికి కొత్త గేటు పెట్టారు, అంతే.

బడి గుమస్తా కాగితాలు చూసి బుర్ర గోక్కున్నాడు. తరగతిలో అమ్మాయి స్థానం ఎంతో రాయాలట. "మొదటిదే బాబూ. ఇరవైముగ్గురుండీవోరు. అందులో నలుగురు సగం రోజులు రానేదు. అదీ రాయమంతారా?"

"మొదటిది అని రాస్తే చాలు," అన్నాను.

ఆ తర్వాత సమాజ సేవ. కిరణ్ లెక్కలో అది లేకపోతే దరఖాస్తు చింపి పారేస్తారు. గుమస్తాకి దీనిలో అనుభవం ఉన్నట్టుంది. "సెట్లు పాతినాదని రాసీనా?"

"నేను పాతలేదండీ," అంది ప్రణవి.

"పాతకపోతే ఏటయిందమ్మా, ఇప్పుడు పాతీ," అని గోడ వారనున్న వేప మొక్క ఒకటి తెచ్చి దాని చేతిలో పెట్టాడు. ఎండలో పలుగుతో గొయ్యి తవ్వి, మొక్క పాతి, నీళ్లు పోసి, బురద చేతులతో తిరిగొచ్చేసరికి సర్టిఫికెట్ సిద్ధంగా ఉంది. పాఠశాల ఆవరణలో చెట్లు నాటి పర్యావరణ పరిరక్షణకి కృషి చేసినదని ఉంది. ప్రణవి చదివి, "చెట్టు అని మార్చండి. ఒకటే కదా," అంది.

గుమస్తా నా వైపు చూశాడు. నేను పొగగొట్టాల వైపు చూశాను. కాగితం మళ్లీ టైపు చెయ్యడానికి ఆయనకి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా నేను నా కూతురి నిజాయితీని మనసులో తిట్టుకుంటూ వరండాలో తిరిగాను. మొక్క కూడా వంకరగానే పాతింది.

రాజాం

ఆ సాయంత్రానికి రాజాం చేరి, మర్నాడు పొద్దున్నే రత్నకుమారి టీచర్ ఇంటికి వెళ్లాం. గరివిడిలో ప్రణవికి సైన్సు చెప్పిన మనిషి. రిటైరై రాజాంలో స్థిరపడ్డారు. రాజాంలో రోడ్డుకి ఒక పక్క ధాన్యం బస్తాల లారీలు, మరో పక్క కాలేజీ బస్సులు. రెండూ నిండుగానే వెళ్తాయి. టీచర్ ఇంటి ముందు కాగితం నక్షత్రం వేలాడుతోంది. క్రిస్మస్‌కి వారముంది. ఆవిడ వంటింట్లో గులాబీ పువ్వులు వేయిస్తున్నారు. పువ్వు ఆకారపు ఇనప అచ్చుని పిండిలో ముంచి నూనెలో దింపి ఒక్కసారి విదిలిస్తే పువ్వు ఊడి తేలుతుంది. ప్రణవి నాలుగు వేస్తే నాలుగూ అచ్చుకే అంటుకుపోయాయి.

"అప్పుడూ అంతే. ల్యాబులో ఏటి ముట్టుకున్నా పగిలేది," అన్నారు టీచర్ సంతోషంగా.

నేను గొంతు సవరించుకుని కిరణ్ రాసిచ్చిన ఉత్తరం తీశాను. సంతకం మాత్రం ఆవిడది కావాలి. ముప్పై ఏళ్ల నా ఉపాధ్యాయ జీవితంలో ఇటువంటి మేధస్సును చూడలేదని, ఈమె చీకటిలో వెలిగే దీపమని ఇంగ్లీషులో ఉంది. టీచర్ కళ్లజోడు పెట్టుకుని, బల్ల సొరుగులోంచి ఎర్ర పెన్ను తీసి, మొదట్నించి చివరిదాకా దిద్దారు. కింద పదికి మూడు వేశారు.

"ఎవరు రాశారండీ ఇది?"

"కౌన్సెలర్."

"బాగా తప్పులున్నాయి. సొంతంగా రాసుకొమ్మనండి." ఆ కాగితం నాకిచ్చేసి తెల్లకాగితం తీసుకున్నారు. "ఈ పిల్ల నాతో రెండు పీరియడ్లు వాదించింది, గుర్తుందా ప్రణవీ? చంద్రగ్రహణం బొమ్మ నేను తప్పు వేశానని. నిజంగా నాదే తప్పు. ఒప్పుకున్నాను. తరగతంతా నవ్వింది గానీ ఇది నవ్వలేదు. నాకు అదే గుర్తున్నాది. అదే రాస్తాను."

"టీచర్‌తో వాదించిందని రాస్తే…" అన్నాను.

"వాదించకపోతే వాళ్లకెందుకండీ ఈ పిల్ల?"

ఆవిడ రాసిన ఉత్తరంలో మేధస్సు, దీపం రెండూ లేవు. చేతికి ఏదిచ్చినా పగలగొడుతుందని మాత్రం ఉంది. ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో దాన్ని స్కాన్ చేయించి, తానే దగ్గరుండి పంపించారు. నేను మధ్యలో చెయ్యి పెట్టే అవకాశం ఇవ్వలేదు. వచ్చేటప్పుడు డబ్బాడు గులాబీ పువ్వులిచ్చారు. శ్రీకాకుళం బస్సులో ఎవరో డబ్బా మీద బస్తా పెట్టారు. దిగేసరికి పొడి మిగిలింది. ఆ పొడి ఇద్దరం స్పూన్లతో తిన్నాం.

అరసవల్లి

అరసవల్లిలో ఏసీ గది తీసుకున్నాను. గుడి దగ్గర లాడ్జి కాబట్టి కింద దుకాణాల్లోని పాటలన్నీ గదిలోకే వస్తాయి. ప్రణవి మంచం మీద కూర్చుని అడిగింది.

"అత్త ఊరు ఇక్కడికి ఎంత దూరం?"

"ఆటోలో ముప్పావుగంట."

"మరి లాడ్జి ఎందుకు?"

"బాత్రూం సరిగ్గా ఉంటుందని."

"అత్తింట్లో ఉండదా?"

నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి సిగ్గేసి, పద గుడికెళ్దాం అన్నాను. సూర్యదేవుడి పేరే నాకు పెట్టారు. ఆయన ముందు దరఖాస్తు కాగితాల కవరు పెట్టి పూజ చేయించమంటే పూజారి కవరుని ఎగాదిగా చూసి, "వీసాయా?" అన్నాడు. దాదాపు అలాంటిదే అన్నాను. వీసాకి వేరే రేటని చెప్పాడు.

అప్ప ఊరు

వస్తున్నామని అప్పకి ముందు చెప్పలేదు. చెబితే ఏర్పాట్లు చేస్తుంది, ఫోటో సహజంగా రాదని కిరణ్ హెచ్చరించాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆటో దిగేసరికి అప్ప తీరాన ఉంది. పేరు నూకాలమ్మ. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. పడవలోంచి దింపిన కవళ్లనే చిన్న చేపల్ని గంపలోకి ఎత్తుకుంటోంది. నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. పట్టాక లేవలేదు.

"ఏరా సూరీ. ఎవులైనా పోయినారేటి?"

"లేదప్పా. ఊరికే వచ్చాం."

"ఊరికేనా," అంది. ప్రణవిని దగ్గరికి లాక్కుని బుగ్గలు నిమిరింది. చేపల పొలుసు దాని మొహం మీద మెరిసింది. "గుంట ఎంత పెరిగిపోనాదిరా. రోడ్డు మీద ఎదురైతే పోలికపట్టనేను."

బావ గుజరాత్ బోట్ల మీద పనికెళ్లాడని, వేసవికి గానీ రాడని చెప్పింది. ఆ మాటలు వింటూనే నేను ఫోన్ తీసి సూర్యుడు ఎటున్నాడో చూసుకుంటున్నాను. చివరికి, అప్పా, ఓసారి గంప పిల్ల నెత్తిన పెట్టు, ఫోటో తీసుకుంటాను అన్నాను.

"ఏటికి?"

నేను సంస్కృతి, మూలాలు అని ఏదో మొదలుపెట్టాను. ప్రణవి మధ్యలో ఆపింది. "కాలేజీ సీటుకి అత్తా. మనం కష్టపడ్డామని తెలిస్తే వాళ్లు సీటిస్తారట. నేనేం పడలేదు. అందుకని నీ గంపతో ఫోటో."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. అప్ప నవ్వలేదు. పాత చీర ముక్క చుట్టలా చుట్టి ప్రణవి తల మీద పెట్టి, దాని మీద గంప ఎత్తింది. "సరే, ఎత్తుకో. ఎత్తుకున్నాక మరి అమ్మాల. బొమ్మకని గంపెత్తితే సేపలు పాడయిపోతాయి."

నేను నాలుగడుగులు వెనక్కి వేసి, ఇంకొంచెం కుడికి, ఆలోచిస్తున్నట్టు, అంటుండగా అల వచ్చి నా బూట్లు నింపింది. అదే క్షణంలో ప్రణవి మెడ ఒరిగింది. గంపెడు కవళ్లు ఇసుకలో పడ్డాయి. కాకులు మా కన్నా ముందు చేరాయి. ఫోటోలో ఆకాశం, ఒక కాకి, నా వేలు వచ్చాయి.

చేపలన్నీ ఏరి, బోరింగు దగ్గర కడిగి, అప్ప ప్రణవిని నిజంగానే బజారుకి తీసుకెళ్లింది. నేను తడి బూట్లతో వెనక నడిచాను. ప్రణవి కుప్పలు పోసి కూర్చుంది. మొదటి బేరానికి వచ్చినావిడ ఇవి తాజావేనా అని అడిగితే, "తాజావే, కానీ ఇసకలో పడ్డాయి. బాగా కడగండి," అంది. ఆవిడ వెంటనే కుప్పకి పది రూపాయలు తగ్గించి అడిగింది.

"నిజం సెప్పినావు గదా, ధర తగ్గుతాది," అంది అప్ప తాపీగా. "ఇచ్చీ."

మధ్యాహ్నం అప్ప ఇంట్లో భోజనం. చోడి అంబలి, అంటే రాగి అంబలే, కవళ్ల పులుసు. పులుసులో బెల్లం ముక్క వేస్తారు మావాళ్లు. విజయవాడలో మా ఆవిడ అలా వండబోతే వద్దన్నది నేనే. బాత్రూం మా ఫ్లాట్‌లో దానికన్నా పెద్దది. గుజరాత్ డబ్బులతో బావ గోడలకి పలకలు కూడా వేయించాడు.

ప్రణవి చేతులు వాసన చూసుకుంటూ అడిగింది. "అత్తా, నువ్వు మా ఇంటికి ఎప్పుడూ రావేం?"

నేను అంబలి గిన్నెలోకి వంగాను.

"ఇల్లు కొన్నపుడు పిలిసినాడు మీ నాన్న," అంది అప్ప. గొంతులో కోపం లేదు. ధర చెబుతున్నట్టే చెప్పింది. "ఫోన్లో పిలిసినాడు. అప్పా, తప్పకుండా రా అన్నాడు. అని, వచ్చినపుడు ఎండుసేపలు తేకేం, ఫ్లాట్లో వాసనొస్తాది, మా ఆఫీసోళ్లొస్తారు అన్నాడు. అప్పటికే మూటకట్టీసి ఉంచినాను. మూటిప్పీసినాను. మరి రానేదు."

నేను ఏదో ఒకటి అనాలి. "అప్పుడు మేనేజర్ వస్తాడని…" అన్నాను.

"ఆ, సెప్పినావప్పుడే," అంది. "పులుసెయ్యనా?"

వేసింది. తిన్నాను. ఆ రోజు లాడ్జికి పోకుండా అక్కడే ఉన్నాం.

తిరుగు రైలు

మర్నాడు పొద్దున ఆమదాలవలసలో రైలెక్కాం. ప్రణవి కిటికీ పక్కన కూర్చుని నోటుపుస్తకంలో రాస్తూనే ఉంది. విశాఖపట్నం దాటాక పుస్తకం నాకిచ్చింది. "ఇది పంపుతాను. నువ్వు చదివాకే."

దరఖాస్తుతో పంపాల్సిన వ్యాసం, ఇంగ్లీషులో రెండు పేజీలు. గంప బరువు గురించి ఒక వాక్యం కూడా లేదు. మా కుటుంబంలో కష్టపడింది తను కాదని మొదలుపెట్టింది. మా నాన్న తన అక్కని చాలాకాలం ఎవరికీ కనపడకుండా దాచాడు, నాకు సీటు కావలసి వచ్చినప్పుడు ఫోటో తియ్యడానికి వెళ్లాడు, ఆ ఫోటో సరిగ్గా రాలేదు అని రాసింది. ఎండుచేపల మూట గురించి రాసింది. చరిత్ర ఎందుకు చదవాలనుకుంటోందో చివర రాసింది. ఇళ్లల్లో ఏది చెప్పకుండా వదిలేస్తారో తెలుసుకోవడం ఇష్టమట.

చదువుతుంటే చెవులు వేడెక్కాయి. ఎదుటి సీట్లో ఆయనకి ఇంగ్లీషు వచ్చేమోనని పుస్తకం పక్కకి తిప్పాను.

"ఎండుచేపల ముక్క తీసెయ్యకూడదా?" అన్నాను.

"తీసెయ్యమంటే తీసేస్తాను. ఇంక అందులో ఏం మిగలదు."

అది నన్ను బెదిరించడం లేదు. నిజంగానే ఏం మిగలదు. పెన్ను అడిగి తీసుకున్నాను. తుని వచ్చేదాకా అది నా చేతిలోనే ఉంది. చివరికి ఒక్కచోట దిద్దాను. నాన్న ఆరేళ్లుగా అత్తని చూడలేదు అని ఉంది. ఆరు కొట్టేసి తొమ్మిది అని రాశాను. పుస్తకం తిరిగిచ్చాను. ప్రణవి అది చూసి, పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

వసంతంలో

వ్యాసం చదివి కిరణ్ ఆనందం పట్టలేకపోయాడు. "అదిరింది సార్. నెగటివ్ రోల్‌లో మీరు చాలా బాగా వచ్చారు," అన్నాడు. వచ్చే ఏడాది పిల్లలకి నమూనాగా వాడుకోవచ్చా అని కూడా అడిగాడు. వద్దన్నాను. అంతకన్నా గట్టిగా అనాల్సింది.

మార్చి ఆఖరుకి జవాబులు వచ్చాయి. విదేశాలవాళ్లు నలుగురూ, మీ దరఖాస్తు చదవడం మాకెంతో ఆనందం కలిగించిందని రాసి, రావద్దన్నారు. మమ్మల్ని చదివి అంతమంది ఆనందించడం మా వంశంలో మొదటిసారి. ఢిల్లీ పక్కన ఉన్నది మాత్రం రమ్మంది, ఫీజులో సగం తగ్గించింది. ప్రణవి ఆ రోజంతా ఇంట్లో గెంతుతూనే ఉంది, రెండు గ్లాసులు పగిలాయి.

అప్పకి ఫోన్ చేసి చెప్పాను.

"మంచిది," అంది. "అయితే నీకింక ఇటు రావలసిన పని నేదన్నమాట."

ఆ శనివారం ఒక్కణ్నే రైలెక్కాను. కవర్లు, కాగితాలు ఏమీ పట్టుకెళ్లలేదు. ఈసారి అరసవల్లిలో ఆగలేదు. అప్ప గుమ్మంలో కూర్చుని వల ముక్కేదో విప్పుతోంది. నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసి, తర్వాత నా రెండు చేతుల వంకా చూసింది.

"ఏటి కావాలిప్పుడు?"

"అన్నం," అన్నాను.

"సేపల్నేవు ఇయాల. పప్పే ఉన్నాది," అని, లేచి పక్కకి జరిగి దారిచ్చింది.